వంకీ చెప్పుల బేరం

పెళ్లికొడుకు చెప్పులు దాచడం మరదళ్ల హక్కు. ఆ హక్కును సౌమ్య మరీ గట్టిగా వాడుకుంది. కోరుట్ల ఫంక్షన్ హాల్లో బావ ప్రకాశ్ మండపం ఎక్కగానే అతని జరీ చెప్పులు ఎత్తుకుపోయింది. రాజుల వేషంలోలాగా ముందు కొసలు వంకీ తిరిగిన చెప్పులవి. ఎవరికీ అనుమానం రాని చోటే దాచింది, గేటు దగ్గరి పాత చెప్పుల సంచిలో! వాడని చెప్పులు అందులో వేస్తే బాగుచేయించి వీర్నపల్లి కూలీలకు పంపుతామని గల్లీ కుర్రాళ్లు బోర్డు పెట్టారు. తన తెలివికి తానే మురిసిపోయి, పోయి రెండు జిలేబీలు తింది.

తాళి పడింది. బేరం మొదలైంది.

"చెప్పులు కావాల్నా బావా? అయితే మా అక్కను నర్సింగ్ ఆఖరి ఏడాది చదువనిస్తనని అందరి ముందట మాటియ్యి!"

మగపెళ్లివారు పకపకా నవ్వారు. అక్క రాధిక మాత్రం తల ఎత్తలేదు. పెళ్లయ్యాక చదువేమిటని వారం నుంచీ నలుగుతున్న గొడవ అది, సౌమ్యకు నవ్వులాట కాదు. ప్రకాశ్ నోరు తెరిచేలోపే అతని తల్లి గంగవ్వ అందుకుంది.

"అప్పగింతల లోపట మా చెప్పులు మాకు తెచ్చియ్యి పిల్లా, నువ్వన్నట్టే కానిస్త. తేకపోతే మల్ల సదువు ముచ్చట ఎత్తద్దు."

ఓస్ ఇంతేనా అనుకుని సౌమ్య గేటు దగ్గరికి గెంతుకుంటూ పోయింది. సంచి లేదు! బస్టాండ్ పక్కన చెప్పులు కుట్టే కొమురయ్య దుకాణానికి ఆటోలో తీసుకుపోయారట. పట్టు లంగా ఎగ్గట్టి, తాళంచెవి దానికే వదిలేసి ఉన్న ఎవరిదో స్కూటీ ఎక్కి ఉరికించింది.

కొమురయ్య సంచి ముందేసుకుని జోరుమీదున్నాడు. చేతిలో బావ కుడికాలి చెప్పు. దాని వంకీని మొదలంటా కోసేసి, అడుగున టైరు ముక్క కుట్టేశాడు.

"అయ్యో తాతా, ఎంత పని చేసినవే! గవి పెండ్లిపిలగానియి!"

"నాకేమెర్క బిడ్డా? గింత వంకర ఉంటే పొలం గట్ల మీద ఎట్ల నడుస్తరని కోసిన. ఇగ చూడు, ఎన్నేండ్లయినా ఊడది."

ఒక చేతిలో రాజుగారి చెప్పు, ఇంకో చేతిలో పొలం చెప్పు. సౌమ్యకు ఏడుపు రావాల్సింది పోయి నవ్వు ముంచుకొచ్చింది. పొట్ట పట్టుకుని, కళ్లెమ్మట నీళ్లు కారేదాకా నవ్వింది.

"తాతా, రెండోది కూడ కొయ్యి. జల్ది!"

హాల్లో ఆ జతను కింద పెట్టగానే గంగవ్వ కళ్లు పెద్దవి చేసింది. "ఏందే గివి? మావి కానే కావు!"

సౌమ్య నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అక్క వైపు చూడాలంటే భయమేసింది.

ప్రకాశ్ వంగి చూశాడు. చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. అటూ ఇటూ నడిచాడు. కొత్త పెళ్లికొడుకన్న సోయి కూడా లేకుండా ఒక్క ఎగురు ఎగిరాడు.

"నావే అమ్మా! పొద్దటిసంది వేళ్లు నొక్కి సంపుతుండె. గిప్పుడు పానం లేచొచ్చింది. మాటిచ్చినవు గద, నిలబెట్టుకో."

గంగవ్వ కొడుకు కాళ్లకేసి చూసింది. కోపం తెచ్చుకోబోయి, ఆ మొండి చెప్పులు చూసి నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "సరే తియ్యి, సదువుకోనియ్యి."

రాధిక అప్పుడు తల ఎత్తింది.

"ఎల్లుండి క్లాసుంది," అంది. "ఎనిమిదింటి జగిత్యాల బస్సు కాడ నన్నెవరు దింపుతరు?"