లారీ ఆగని జాగాలు

చింతపండు కొట్టేటప్పుడు నిర్మలమ్మ చెయ్యి ఎన్నడూ తప్పింది లేదు. ఆ పొద్దు మాత్రం సుత్తె రెండుసార్లు బొటనవేలు మీద పడ్డది. పడదా మరి? చూపు చేతి మీద ఉంటె గద. చెవులు రెండూ గడప కాడ కూసున్న ముగ్గురి దిక్కే ఉండె.

ఆ ముగ్గుర్ల ఒకరు ఆమె పెనిమిటి రఘుపతి. ఇరవై రెండేండ్లు నల్లగొండ బత్తాయిలను ఢిల్లీ మండికి తోలిన లారీ డ్రైవరు. నడుము పట్టేసి నాలుగేండ్ల సంది ఇంటికాడనే ఉంటుండు. ఇంకొకతె బిడ్డ ప్రవళిక. హైదరాబాద్‌ల పిల్లలకు గోడలెక్కుడు, పెద్ద పెద్ద రాతి గుండ్లెక్కుడు నేర్పుతది, అదే దాని కొలువు. మూడోది దాని దోస్తు సుహాసిని, పోచంపల్లి పిల్ల. ఈ ఆడపిల్లలిద్దరు జూన్ నెలల బండేసుకొని దేవరకొండ నుంచి హిమాచల్ దాక పోతరట. తొవ్వ పొంటి మంచి గుండ్లు కనవడ్డకాడల్ల ఎక్కుతరట. పొద్దు గూకితె పైసలడగని జాగా చూసుకొని డేరా ఏస్తరట. తొవ్వ చూపెట్టెటందుకు బాపును గూడ రమ్మన్నరు.

"గుండెక్కుడు, కిందేసిన పరుపు మీద పడుడు, లేసి మళ్ల ఎక్కుడు. గీ సంబురానికి రెండు వేల కిలోమీటర్లు పోవాల్నా? మన ఖిల్లా గుట్టకు గుండ్లు తక్కువైనయా?" అని నిర్మలమ్మ మొదటి దినం నవ్వింది. మనసుల ఏం పెట్టుకోకుంటనే నవ్వింది.

కోపమొచ్చింది రెండో దినం, రఘుపతి నోరు తెరిచినంక.

ఇంట్ల ఆయన మాట్లాడుడే తక్కువ. ఢిల్లీకి పోయొచ్చినప్పుడల్ల "ఎట్లుంటదయ్యా ఆడ" అని నిర్మలమ్మ అడిగితె, "ఏముంటది, తొవ్వ" అనేటోడు. గంతే. అసొంటి మనిషికి ఇయ్యాల ఏం పూనిందో ఏమో. సుహాసిని ఫోన్ల చూసి "నాగ్‌పూర్ దాటినంక ఫ్రీగ పండుకునే జాగా ఏది కనవడ్తలేదంకుల్" అన్నదో లేదో, "ఫోన్ల ఏం దొరుకుతది బిడ్డా, నేను చెప్త రాసుకోండ్రి" అని జరిగి కూసున్నడు.

"నాగ్‌పూర్ దాటితె అడవొస్తది. అడవి ఒడిసిన కాడ ఒక సర్దార్జీ ధాబా. ఎనక ఆడోళ్లకని అర్ర ఉంటది, లోపటికెల్లి గొళ్లెం. సర్దార్జీ పెండ్లాం గూడ ఆడనే పంటది, మీకేం ఫికర్ లేదు. తెల్లారి లేసి పోతె పగటీలికి నర్మద. ఆడ దిగకుంట మాత్రం పోవద్దు. మెట్లుంటయి, ఆడోళ్ల తానానికి అడ్డం గోడ గూడ కట్టిండ్రు. నేనయితె పోయినప్పుడల్ల తానం చేసి, యాపచెట్టు కింద నులక మంచమేస్కొని రెండు గంటలు పంటుంటి. అసొంటి గాలి నాకింకేడ దొరకలే."

"కాయ ఖరాబు గాదా బాపూ?" అని ప్రవళిక నవ్వింది.

"రెండు గంటలకేమైతది? బత్తాయి గట్టి కాయ. రెండు దినాలాగినా ఏం గాదు."

సుత్తె బొటనవేలు మీద పడ్డది గప్పుడే.

ఎందుకంటె, నిర్మలమ్మ ఆయన్ను మూడుసార్లు అడిగి ఉండె. లగ్గమైన ఏడు ఒకసారి, బిడ్డకు ఐదేండ్లొచ్చినంక ఒకసారి, అత్త సచ్చిపోయినంక ఇంకొకసారి. "నన్ను గూడ తీస్కపోరాదయ్యా, ఒక్కసారి చూసొస్త" అని. మూడుసార్లు ఆయన చెప్పింది ఒక్కటే మాట. లోడెత్తినమంటె మండిల దించేదాక లారీ ఎక్కడా ఆగదు, ఆగితె కాయ మురుగుతది, ఆడోళ్లకు తానానికి జాగుండదు, పండుకుందామంటె జాగుండదు. నిర్మలమ్మ నమ్మింది. నమ్ముడేంది, గల్లీల కనవడ్డోళ్లందరికి చెప్పుకున్నది, మా ఆయన మూడు దినాలు కండ్లు మూయకుంట తోల్తడని. ఆయన ఇంటికొచ్చిన పొద్దు నీళ్లు కాగబెట్టి, నూనె రాసి, కాళ్లు పిసికింది. తెలంగాణ కోసమని రాస్తారోకో చేసినప్పుడు నడి తొవ్వ మీద పగలంత కూసున్నది గని, ఆ తొవ్వ పట్టుకొని హైదరాబాద్ అవతలికి ఒక్కసారి పోయింది లేదు.

రఘుపతి ఇంకా చెప్తనే ఉన్నడు. నోటుబుక్కుల జాగాలు పద్నాలుగైనయి. ఝాన్సీ కాడికి వచ్చిండు.

"ఝాన్సీ దాటినంక గురుద్వార. ఎంతమంది పోయినా అన్నం పెడ్తరు, పండుకునెటందుకు సాపలిస్తరు. ఆడోళ్లు జర రొట్టెలు చేసుట్ల సాయం పడితె ఖుషీ అయితరు. నాతోని ఇంకో లారీ తోలే మన విజేందర్ లేడా, ఆయన పెండ్లామయితె మొగనెంబడి వచ్చిన రెండుసార్లు పొయ్యి కాడనే..."

అని, నాలుక కర్సుకున్నడు. ఇంక కర్సుకుంటె ఏం లాభం.

నిర్మలమ్మ లేసింది. ఒళ్లె ఉన్న చింతగింజలన్ని వాకిట్ల పడ్డయి.

"విజేందర్ పెండ్లాం పోయిందా?"

సుహాసిని రాసేది ఆపి నోటుబుక్కు మూసింది.

"గల్లీల నా ఎదురింట్ల ఉంటదయ్యా ఆమె. దినాం నీళ్ల కాడ కలుస్తది. నాకెన్నడు చెప్పలేదేంది?"

"నేనే చెప్పొద్దన్న" అన్నడు రఘుపతి.

నిర్మలమ్మకు ఒళ్లంత మండింది. ఒక్క అబద్ధమయితె మొగోడు ఏదో అన్నడులే అనుకునేది. గల్లీని గూడ తోడు పెట్టుకొని ఆడిండు. నీళ్ల కాడ "మా ఆయనకు తొవ్వల తానం గూడ దొరకదు" అని తను చెప్తుంటె, ఆమె ఎన్నిసార్లు మొఖం తిప్పుకొని నవ్వుకున్నదో.

"ఎందుకయ్యా? నేనేమన్న బరువైతుంటినా నీ లారీకి?"

రఘుపతి ఈసారి నిజమే చెప్పిండు.

"ఇంట్ల అమ్మ, తమ్ముండ్లు, తోట, నువ్వు. ఒకరు గాకుంటె ఒకరు ఏదో ఒకటి అడుగుతనే ఉండేటోళ్లు. తొవ్వల నన్ను అడిగేటోళ్లు లేకుండె. గది నాకు మంచిగుండె నిర్మలా. నిన్ను తీస్కపోతె ఇల్లు గూడ ఎనక ఎక్కినట్టే అనుకున్న."

"ఆ అడిగేటోళ్లనందరిని నా మీద ఇడిసే పోతివి గద" అన్నది నిర్మలమ్మ. "మరి నాకేడున్నదయ్యా ఎవ్వరు అడగని జాగా?"

ఆమె బిడ్డ దిక్కు తిరిగింది.

"నేనొస్త మీతోని."

ప్రవళిక బెదిరింది. బండిల ముగ్గురికే జాగా. ఎనక ఒక్క సీటు ఇడిసి మిగిలినయి పీకి పరుపులు, తాళ్లు, డేరా నింపిండ్రు. "అమ్మా, నువ్వెట్లొస్తవే? డేరాల పండుకోవాలె, ఏడ పడితె ఆడ ఆగేది లేదు, తానానికి జాగా..." అనుకుంట, సగంల ఆగింది.

"ఆగినవేంది, ఒడగొట్టు. అచ్చం మీ బాపు లెక్కనే చెప్తున్నవ్."

ప్రవళిక మొఖం ఎర్రగైంది. నిర్మలమ్మ చేతులు కడుక్కున్నది, చెంగుతోని తుడుసుకున్నది, వాకిలి దాటి పందిరి కింద ఆపిన బండి కాడికి పోయింది. తలుపు తీసి ముందటి సీట్ల కూసున్నది. తలుపేసుకున్నది.

పోయేది ఇంకా పది దినాలకు. ఆమె మాత్రం ఇయ్యాల్నే కూసున్నది.

మొదలు అందరు పరాష్కమనుకున్నరు. పగటీలి బువ్వకు పిలిస్తె రాలే. ప్రవళిక తలె తెచ్చి అందిస్తె ఆడనే తిన్నది, తలె కిటికీలకెల్లి బయటికిచ్చింది. సుహాసిని "ఆంటీ, లోపల ఉడ్కపోస్తది" అంటె, "ఇంట్ల చల్లగుండెనా" అన్నది. విజేందర్ పెండ్లాం గల్లీ అవతలికెల్లి తొంగి చూసింది గని, నిర్మలమ్మ కండ్లు చూసి లోపటికి పోయింది.

నాలుగు గొట్టంగ బర్రె అరుసుడు వెట్టింది. పాలు పిండే యాళ్ల. రఘుపతి చెంబు పట్టుకొని పోయిండు. బర్రెకు ఆయన చెయ్యి అలవాటు లేదు, ఒక్క తన్ను తన్నితె చెంబు పోయి గోడకు పడ్డది. ఆయన కుంటుకుంట బండి కాడికొచ్చి కిటికీల చెయ్యి పెట్టుకొని నిలవడ్డడు. బిడ్డ, దాని దోస్తు ఎనక నిలవడ్డరు.

"దిగవే. బర్రె తంతాంది."

"తంతది. దూడను ఇడిసినంక పిండాలె. అదేడ నేర్చుకున్నవ్ నువ్వు?"

రఘుపతి నెత్తి గోక్కున్నడు. ఆయనకు గూడ ఆ బండిల పోవాలనే ఉండె, నాలుగేండ్ల సంది ఇంట్ల పడి ఉన్న మనిషాయె. అయినా అన్నడు, "సరే. నేనింటికాడ ఉంట. నువ్వే పో. నేనొప్పుకుంటున్న."

ఈ మాటతోని ఆమె సల్లబడ్తదనుకున్నడు. ఆమె ఇంకింత మండింది.

"నువ్వు అబద్ధమాడితె ఇరవై రెండేండ్లు ఇంట్ల కూసున్న. ఇప్పుడు నువ్వొప్పుకుంటె లేసి పోవాల్నా? ఆపేది నువ్వే, పంపేది నువ్వేనా? నువ్వొప్పుకున్నా పోత, ఒప్పుకోకున్నా పోత. నీ ఒప్పుకోలు నీ కాడనే ఉంచుకో."

ప్రవళిక మెల్లగ ఎనక తలుపు తీసి ఒక పరుపు గుంజి కింద పడేసింది. మనిషి పట్టేంత సందయింది. ఎవ్వరేం చెప్పకముందే ఆ పని చేసింది. "సుహాసిని ఎనక కూసుంటదమ్మా, నువ్వు ముంగటనే ఉండు. బాపు వస్తడో ఉంటడో అది బాపు ఇష్టం" అన్నది. నోటుబుక్కు తెచ్చి అమ్మ ఒళ్లె పెట్టింది.

నిర్మలమ్మ ఏడో తరగతి దాక సదివింది. ఒక్కొక్క జాగా పేరు ఏలు పెట్టి సదివింది. తానం, మంచం, నీడ, మంచి నీళ్లు. నర్మద కాడ ఏలు ఆగింది.

"ఆడోళ్ల మెట్లు ఏ దిక్కయ్యా?"

"వంతెన దిగంగనే కుడి దిక్కు" అన్నడు రఘుపతి.

ఆమె తలకాయెత్తి ఆయన మొఖంల మొఖం పెట్టి చూసింది. కోపంతోని గాదు ఇప్పుడు. నిజంగనే తెలుసుకుందామని అడిగింది.

"నిజమేనా? నమ్మమంటవా?"

రఘుపతి నోరు తెరిచిండు. అవునందామంటె, ఇన్నేండ్లు అబద్ధమాడిన ఆ నోట్లెకెల్లి ఆ ఒక్క మాట రాలే. నిజంగ కుడి దిక్కే ఆ మెట్లు.

నిర్మలమ్మ నోటుబుక్కు మూసి కిటికీలకెల్లి ఆయన చేతుల పెట్టింది.

"తొవ్వల ఎవర్నన్న జాగాలు అడుగుకుంట పోదాం తియ్, బిడ్డా" అన్నది.