క్యారేజీ కట్టని రోజు

ఆ పొద్దున ఉషశ్రీ క్యారేజీ కట్టలేదు. నాలుగు గిన్నెలూ బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి షిఫ్టుకు తయారైన చక్రి వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. ఇంట్లో భార్య లేదు.

"అమ్మా, దీనికి మళ్ళీ జబ్బు మొదలైనట్టుందమ్మా!" అని తల్లిని కేకేశాడు.

పాలు పోసే జక్కయ్య, "అమ్మగారు చీకటితోనే ఫెర్రీ వైపు నడిచెళ్ళారండీ" అనగానే అతను బండి తాళాల కోసం లోపలికి పరిగెత్తాడు. అక్కడుండేది నది. బండి తీసేలోపే ఉషశ్రీ వీధి మలుపులో కనిపించింది, చెప్పులు చేత్తో పట్టుకుని, పాదాలకు తడి ఇసుకతో. చక్రి షిఫ్టు మానేసి, తిన్నగా బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

బండి వెనక కూర్చున్న ఉషశ్రీకి నవ్వొస్తోంది. డిప్రెషన్ జబ్బుతో ఉన్న ఏడేళ్ళలో క్యారేజీ ఒక్కరోజు కూడా తప్పలేదు. అందుకే ఆ జబ్బును ఎవరూ నమ్మలేదు. "రోగమైతే మంచాన పడాలి గదే, నువ్వు చక్కగా తిరుగుతున్నావు" అనేది అత్త రాజ్యలక్ష్మి. "ఖాళీగా ఉండి ఆలోచిస్తున్నావు" అనేవాడు చక్రి. ఖాళీగా! చేతులు కూర తరిగేవి, చపాతీ ఒత్తేవి, ఆ చేతులు ఎవరివో ఆమెకు తెలిసేది కాదు. పప్పులో ఉప్పు చెంచా కొలతే. నాలుక ఏ సంగతీ చెప్పేది కాదు. మాత్రలు మూడుసార్లు మార్చారు. మనసు మాత్రం కదల్లేదు. ఒకరోజు తనే డాక్టరును అడిగింది: "ఇంకేమన్నా ఉందా అండీ?"

డాక్టర్ శాలిని అప్పుడు కెటమిన్ సంగతి చెప్పింది. "ఆపరేషన్లకు మత్తిచ్చే మందే. చిన్న మోతాదులో, ఇక్కడే, మా కళ్ళ ముందు ఎక్కిస్తాం. మూడు వారాల్లో ఆరుసార్లు. అందరికీ పనిచేస్తుందని మాటివ్వలేను." ఆ చివరి మాట విన్నాకే ఉషశ్రీకి నమ్మకం కలిగింది.

మందు ఎక్కించాక ఆ రోజంతా పొయ్యి దగ్గరికి పోకూడదని తెలిసి, "ఇదేదో మంచి వైద్యమేనే" అంది అత్త.

రెండోసారి డ్రిప్ సాగుతుండగా ఆమెకు తన వంటిల్లు పైనుంచి కనిపించింది. అందులో ఎవరూ లేరు. స్టవ్వు, గట్టు, కిటికీ. అది ఒక గది, అంతే. తను అది కాదు. ఇంత చిన్న విషయం తెలియడానికి ఇన్నేళ్ళు పట్టిందేమిటా అని కళ్ళు తుడుచుకుంది. నాలుగోసారి అయిన మర్నాడు తిరగమోత ఘాటుకు తుమ్మొచ్చింది. తుమ్మి, పోపు మాడిపోతుంటే పకపకా నవ్వింది.

"బాగానే ఉండేదండీ," ఇప్పుడు ఆస్పత్రి గదిలో డాక్టరుతో అంటున్నాడు చక్రి. "టంచనుగా అన్నీ చేసేది. ఇవాళే..."

శాలిని అతణ్ణి పూర్తిగా విని, ఇటు తిరిగింది. "మీరు చెప్పండి, ఉషశ్రీ గారూ."

"నాలుగున్నరకు మెలకువొచ్చిందండీ. నీళ్ళు చూడాలనిపించింది. ఏదన్నా అనిపించి ఎన్నేళ్ళయిందో! అది పోతుందేమోనని ఎవర్నీ లేపకుండా వెళ్ళిపోయా. తెల్లారేసరికి ఆకలేసింది. టిఫిన్ బండి దగ్గర పునుగులు తిన్నా. చట్నీలో ఉప్పెక్కువైంది."

శాలిని పెన్ను ఆగింది. "ఎంత ఎక్కువ?"

"చాలా అండీ. అయినా రెండో ప్లేటు తీసుకున్నా."

డాక్టరు నవ్వుతూ కాగితం మీద ఏదో రాసుకుంది. "మిగిలిన రెండూ పూర్తిచేద్దాం. ఆ తర్వాతా చూస్తుండాలి. కానీ ఇది మంచి కబురే."

చక్రి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అంటే, వంట మానేస్తే తగ్గినట్టాండీ?"

ఆ మాట తనకే వినబడి తల వంచుకున్నాడు.

తిరుగుదారిలో గొల్లపూడి దాటాక మెల్లగా అడిగాడు: "నది దగ్గరికెళ్ళావంటే భయమేసిందే. ఈసారి నన్ను లేపు."

"లేపుతా."

"మరి రేపు క్యారేజీ?"

"మీరు వండుకోండి," అంది ఉషశ్రీ, గాలికి ఎగిరే కొంగు బిగిస్తూ. "ఉప్పు సరిపోయిందో లేదో నేను చెప్తా. ఇప్పుడు నాకు తెలుస్తోంది."