ఇంట్లో చప్పుళ్లన్నీ నావే

పాలు పొంగే ముందు గిన్నె అంచున ఒక సన్నటి చప్పుడు వస్తుంది. మా ఇంట్లో అది నాకొక్కదానికే వినిపిస్తుంది. బాత్రూంలో కుళాయి కారడం, అత్తయ్య మూలుగు, మిక్సీ గొంతు మారడం, కుక్కర్ కూతలు, ఇవన్నీ వినే ఉద్యోగం పెళ్లైన మర్నాటి నుంచీ నాదే. జీతం లేదు, సెలవు లేదు. పొయ్యి పక్కనే కూచుని పేపరు చదివే మా ఆయన నంజేశ్‌కి మాడు వాసన వచ్చాకే తెలుస్తుంది. అప్పుడు కూడా తలెత్తి, "వినపడలేదా నీకు, కుసుమా?" అంటాడు.

అలాంటి నా చెవులకి కారు చప్పుడు మాత్రం అర్థం కాదట.

దసరా వెళ్లిన మర్నాడు మైసూరు నుంచి నంజనగూడు ఆఫీసుకి వెళ్తుంటే బానెట్ కింద టిక్ టిక్ మొదలైంది. యాక్సిలరేటర్ నొక్కితే వేగంగా, వదిలితే మెల్లగా. సాయంత్రం చెప్తే నంజేశ్ బానెట్ ఎత్తను కూడా ఎత్తలేదు.

"నడిపేది నువ్వైతే చప్పుడు రాక ఏమొస్తుంది? గేరు వెయ్యడం రాదు, క్లచ్ మీంచి కాలు తియ్యవు."

అత్తయ్య వక్క నములుతూ, "బస్సులో పోయేవాళ్లు ఉద్యోగాలు చెయ్యట్లేదా ఏంటి?" అంది.

గ్యారేజీకి తీసుకెళ్తే మెకానిక్ నా భుజం మీదుగా రోడ్డు వైపు చూశాడు. "సార్ రాలేదా మేడమ్? సార్‌ని పంపించండి, మాట్లాడతా." సార్‌కి వెళ్లే తీరిక దొరకలేదు. నా దగ్గర తాళాలు లాక్కునే తీరిక మాత్రం దొరికింది. నా జీతంతో కొనుక్కున్న పాత కారది. మళ్లీ బస్సులో నిలబడి వెళ్లి, నిలబడి వచ్చి, నిలబడే వంట చేశాను. వారం తిరక్కుండానే, "ఆదివారం బండి చూడ్డానికి మనిషొస్తున్నాడు, అమ్మేస్తే పీడా పోతుంది" అన్నాడు నంజేశ్. రోజు మొత్తంలో ఎవరికోసమూ చెవులు రిక్కించకుండా నేను కూర్చునే చోటు అదొక్కటే.

ఆదివారం అతను స్నానానికి వెళ్లగానే, చొక్కా జేబులోంచి తాళాలు తీసి ఇంజన్ స్టార్ట్ చేశాను. బానెట్ ఎత్తి ఇంజన్‌కి దగ్గరగా చెవి పెట్టాను. ఇనుము ఇనుముకి కొట్టుకునే చప్పుడు కాదది. ప్రతి టిక్కు వెనకా చిన్న ఛిస్సు ఉంది. గాస్కెట్ సరిగ్గా కూర్చోని కుక్కర్ అచ్చం ఇలాగే గొణుగుతుంది. అంటే ఎక్కడో గాలి తప్పించుకుంటోంది. పాత గ్యాస్ పైపు ముక్క ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక్కో స్పార్క్ ప్లగ్గు దగ్గరా పట్టాను. చివరిదాని దగ్గర చెవిలోకి గుప్పున ఊదింది.

ఇంజన్ ఆపి, దాని మీది రబ్బరు టోపీ లాగాను. ప్లగ్గు వేళ్లతో తిప్పితేనే తిరిగింది. దాని మీద కుంకుమ బొట్టు.

ఆయుధపూజ నాడు ప్లగ్గులన్నీ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బొట్లు పెట్టింది నంజేశే. "బండిని ఇలా చూసుకోవాలి, నేర్చుకో" అని అతను చెప్తుంటే పళ్లెం పట్టుకుని నిలబడ్డది నేను. ఇంతలో ఎవరో ఫోటోకి పిలిచారు, ఆఖరిదాన్ని వేళ్లతో తిప్పి వదిలేసి పరిగెత్తాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. డిక్కీలోంచి పానా తెచ్చి గట్టిగా బిగించాను. బొట్టు మాత్రం తుడవలేదు.

కొనే ఆయన రాగానే నంజేశ్ మొదలుపెట్టాడు. "బండి బంగారమండీ. మా ఆవిడ చేతిలో పడి కాస్త చప్పుడు చేస్తోందంతే."

నేను స్టార్ట్ చేశాను. చప్పుడు లేదు.

"బానే ఉందే. ఎవరు బాగు చేశారు?" అన్నాడాయన.

ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, టోపీ లాగి బొట్టు చూపించాను. "పూజ చేసినాయన బిగించడం మర్చిపోయారు. నడిపేదాన్ని కాబట్టి నేను బిగించాను. బండి నాదండీ, అమ్మట్లేదు."

టోపీ పెట్టేసి, బానెట్ దించి సీట్లో కూర్చున్నాను. నంజేశ్ మొహం కందగడ్డైంది. "బయటివాళ్ల ముందు ఏంటీ మాటలు?" అని పళ్లు నూరాడు. లోపల కుక్కర్ కూత పెట్టింది. అలవాటుగా నా వైపే చూశాడు.

"వినపడలేదా నీకు?"

"వినపడింది. ఇక నుంచి మీరు వినండి" అని గేరు వేశాను.