రేకు మీద ధార

నాకు కోపం ఎక్కువ. నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి నమ్మవచ్చు. మా ఆవిడ రాజ్యలక్ష్మిని అడిగితే ఇంకా వివరంగా చెబుతుంది. విజయనగరంలో ముప్ఫై ఏళ్లు వయొలిన్ పాఠాలు చెప్పాను. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా కమాను కింద పెట్టేసి, లేచి బయటికి పొమ్మనేవాణ్ణి. ఆ కోపంతోనే కిందటి నెల అన్నమ్మ వాళ్లని ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను.

నెల్లిమర్లలో మా ఇంటి పెరటి వాటాలో అన్నమ్మ, ఆమె భర్త ఏసుదానం పదకొండేళ్లుగా అద్దెకుంటున్నారు. అతనిది జూట్ మిల్లులో పని. వాళ్లమ్మాయి షీబా పోయిన ఏడాది పురిటికి వచ్చింది. ఇప్పుడు ఆమె కొడుక్కి అయిదో నెల. రెండు వాటాలకీ కుళాయి కనెక్షను ఒక్కటే, మీటరు ఒక్కటే, బిల్లు మాత్రం కూర్మనాథం అని నా పేరు మీద వస్తుంది.

ఆ బిల్లు షీబా వచ్చిన దగ్గరనుంచీ పెరగడం మొదలైంది. ముందు రెట్టింపయింది, తరవాత మూడింతలకి వెళ్లింది. ఇక నేను ఇంట్లో నీళ్ల మీద యుద్ధం ప్రకటించాను. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో ఇటుక పడేశాను. కుళాయిలకి సన్నధార వచ్చే మూతలు బిగించాను. బియ్యం కడిగిన నీళ్లు తులసికి, కూరలు కడిగినవి కరివేపాకు మొక్కకి పొయ్యమన్నాను. రాజ్యలక్ష్మి రెండు రోజులు ఓర్చుకుని, ముఖం కడుక్కోడానికి ఎన్ని చుక్కలు వాడాలో కూడా సెలవివ్వమంది.

అన్నమ్మని పిలిచి, పసిపిల్లాడి పేరు చెప్పి నీళ్లు పారబోస్తున్నారని అన్నాను. ఆమె మర్నాటినుంచి బట్టల మూట నెత్తిన పెట్టుకుని చంపావతి ఏటికి వెళ్లి ఉతుక్కొచ్చేది. ఆ నెల మీటరు చూశాను. ఒక్క అంకె కూడా తగ్గలేదు. నా ఎదుట ఏటికి వెళ్లినట్టు నటించి వెనకాల కుళాయి విప్పుతున్నారని తీర్మానించుకున్నాను. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని చెప్పేశాను.

"సరే మాస్టారూ," అంది అన్నమ్మ. అంతే. రాజ్యలక్ష్మి మాత్రం మూడు రోజులు నాతో మాట్లాడలేదు. భోజనానికి కూడా పీట వాల్చిన చప్పుడే పిలుపు.

గురువారం పొద్దున్నే వాళ్లంతా గజపతినగరం వెళ్లారు. ఏసుదానం తమ్ముడు అక్కడ ఉంటాడు, ఏదో ఇల్లు చూశాట్ట, నచ్చితే ఆదివారం అడ్వాన్సు ఇచ్చి వస్తామన్నారు. వాటాకి తాళం పడింది. నాకు ఇదే అదను అనిపించింది. మీటరు అంకె కేలండరు మీద రాసి పెట్టాను. వాళ్లు లేని మూడు రోజులూ మీటరు చల్లబడుతుంది, నా మాట నిజమని తేలిపోతుంది, రాజ్యలక్ష్మి నోరు మూతబడుతుంది అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న కుళాయి వచ్చే వేళకి మీటరు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. కేలండరు మీది అంకెకీ దీనికీ తేడా చూసి నా కళ్లు నేనే నమ్మలేదు. ఎప్పుడూ మూడు రోజులకి ఎంత తిరిగేదో ఇప్పుడూ అంతే తిరిగింది. రాజ్యలక్ష్మిని కేకేసి ఇంట్లో కుళాయిలన్నీ కట్టించాను. అన్నీ కట్టేసేదాకా ఆగి చూశాను. లోపలి చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది.

మా ఇల్లు పల్లంలో ఉంది. మోటారు అక్కర్లేకుండానే కుళాయి నీళ్లు మేడ మీది ట్యాంకుకి ఎక్కుతాయి. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి చూశాను. ట్యాంకు అంచుదాకా నిండి ఉంది. ఎక్కువైన నీళ్లు పోయే గొట్టంలోంచి ధార చడీచప్పుడూ లేకుండా కిందికి జారిపోతోంది. ఆ గొట్టానికి తగిలించిన ఆకుపచ్చ పైపు చూసి అక్కడే చతికిలబడ్డాను. అది తగిలించినవాణ్ణి నేనే.

అంతకుముందు ట్యాంకు నిండితే ఆ ధార స్నానాలగది రేకు మీద పడేది. పదవీ విరమణ తరవాత పోయిన ఏడాది ఫోనులో పాఠాలు మొదలుపెట్టాను. సాయంత్రం కుళాయి వచ్చే వేళే నా పాఠం వేళ. ఆ రేకు మోత షడ్జమమూ కాదు, పంచమమూ కాదు, మధ్యలో ఎక్కడో పడి నా ప్రాణం తీసేది. నాలుగు రోజులు పళ్లు కొరుక్కుని, అయిదో రోజు ఆ పైపు కొనుక్కొచ్చి, గోడ వెంట దింపి, చివర అరటి పాదులో మట్టి కింద కప్పెట్టేశాను. మోత ఆగింది. పీడా పోయిందనుకుని దాని సంగతే మరిచిపోయాను. ఆ తరవాత మా అరటి చెట్లు ఏనుగు కాళ్లంత లావు బోదెలతో ఎదిగాయి. గెల మీద గెల వేస్తుంటే అంతా నా చేతి చలవేనని వీధి వీధంతా చెప్పుకుని తిరిగాను.

కిందికి దిగి విషయం చెప్పాను. రాజ్యలక్ష్మి అరటి చెట్ల వంక చూసింది, నా వంక చూసింది.

"గెలలు మీ చేతి చలవ, బిల్లు మాత్రం అన్నమ్మదా అండీ?" అంది.

వెంటనే ఏసుదానానికి ఫోను చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను, మళ్లీ స్విచాఫ్. ఈపాటికి అడ్వాన్సు చేతులు మారిపోయి ఉంటుందనిపించింది. పదకొండేళ్లు నా కళ్లముందు మెలిగిన మనుషుల్ని నా చేతులతో నేనే గెంటేసుకున్నాను.

ఈలోగా ప్లంబరు దేవేంద్ర వచ్చి ట్యాంకు మూత తీశాడు. నీళ్లు నిండగానే ధారని ఆపవలసిన బంతి విరిగి అడుగున పడి ఉంది. తుప్పు చూస్తే ఏళ్ల కిందటే పోయినట్టుంది, మరి పోయిన ఏడాదిదాకా బిల్లు ఎందుకు పెరగలేదని నన్నే అడిగాడు. కొత్త బంతి బిగించి వెళ్లిపోయాడు.

నాలుగింటికి వీధి చివర ఆటో ఆగింది. నేను గేటు దగ్గరే ఉన్నాను. సంచులు దింపనివ్వకుండానే అడ్వాన్సు ఇచ్చేశారా అని అడిగాను. ఏసుదానం కంగారుపడ్డాడు. ఇంటాయన పెళ్లికి వెళ్లాట్ట, బుధవారం రమ్మన్నారట, ఫోనులో చార్జింగు అయిపోయిందట. అదెవరి పెళ్లో గానీ ఆ జంట నూరేళ్లు చల్లగా ఉండాలని మనసులోనే దీవించాను.

తప్పు నాదని చెప్పాను. పైపు సంగతి, బంతి సంగతి అంతా చెప్పి, ఇల్లు ఖాళీ చెయ్యొద్దన్నాను. అన్నమ్మ మనవణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"ఆ బంతి పోయి ఏడేళ్లయినాది మాస్టారూ. రేకు మీద సప్పుడు ఇనపడగానే నానెల్లి వాల్వు కట్టీసీదాన్ని. పోయినేడు సప్పుడు ఆగిపోనాది. మీరు కొత్త బంతి ఏయించీసారనుకున్నాను."

ఆరేళ్లు. రోజుకి రెండుసార్లు. చేతిలో పని వదిలేసి లేచి, మా నీళ్లు కాపాడింది. అదొక చెప్పుకోదగ్గ పని అని కూడా ఆమెకి తోచలేదు. నాకు చెవులున్నాయని లోకమంతా మెచ్చుకుంది. ఆ మోత నాకు అపశ్రుతిగానే వినబడింది, ఆమెకి మాత్రం ట్యాంకు నిండిందని వినబడింది. నాకు సిగ్గేసింది.

"ఉంటాం, మీరు సెప్పినాక ఎక్కడికెల్తాం," అంది అన్నమ్మ. రెండడుగులు వేసి ఆగింది. "గాని మాస్టారూ, నెల్లాళ్లు ఈ గుంటడికి సగం బకెట్టుతోనే తానం పోసినాను."

ఆ సగం బకెట్టు నా లెక్కే. ఉంటామన్న మాట ఒక్కటి మాత్రం గుండె మీంచి బండ దించింది.

అయిదున్నరకి ఫోను ఎదురుగా వయొలిన్ తీసుకుని కూర్చున్నాను. అవతల నా శిష్యురాలు ఆశ్రిత వర్ణం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే పెరట్లో అన్నమ్మ కాళ్లు బారచాపి, మనవణ్ణి వాటి మీద బోర్లా వేసుకుంది. షీబా వేడినీళ్ల బకెట్టు నిండా తెచ్చి పెట్టింది, వెనకాలే రాజ్యలక్ష్మి ఇంకో బకెట్టు మోసుకొచ్చింది. చెంబు మీద చెంబు నీళ్లు పడుతున్నాయి. ఆ వెధవ ఏ స్థాయికీ అందని గొంతుతో ఆరున్నొక్క రాగం అందుకున్నాడు.

ఆశ్రిత ఆపేసి, ఏదో చప్పుడు వస్తోంది మాస్టారూ, శ్రుతి వినబడటం లేదు అంది.

"ఆగమ్మా, వాడి స్నానం అవనీ," అన్నాను. కమాను కింద పెట్టి, రెండో బకెట్టు అయిపోయేదాకా వింటూ కూర్చున్నాను.