కానుక పుచ్చుకోని ముకర్రం

ఖుమ్రి ఇంటి తలుపు తట్టి, ముకర్రం సంచీని రెండో భుజానికి మార్చుకుంది. మార్గిలాన్ సందుల్లో ఇరవై ఆరేళ్ళుగా ఉత్తరాలు పంచుతున్న మనిషి. బరువుకి ఎడమ భుజం అంగుళం దిగిపోయింది. పగిలిన మడమలు మేజోళ్ళను పట్టుకుని లాగుతుంటాయి. ముఖం చూస్తే ఎవరికీ గుర్తుండదు గానీ, సంచీ చూస్తే ఊరంతా గుర్తుపడుతుంది.

సైన్యంలో ఉన్న కొడుకు రాసిన ఉత్తరం అందుకోగానే ఖుమ్రి లోపలికి పరిగెత్తి పూల గుడ్డ తెచ్చింది. మంచి కబురు తెచ్చినవాళ్ళ చేతిలో సుయుంచి కానుక పెట్టకుండా పంపడం ఆ ఊళ్ళో ఏ ఇంటా లేదు.

"వద్దమ్మా."

"నీకెప్పుడూ వద్దే. మా ఇంటి గుడ్డ నీ ఒంటికి గుచ్చుకుంటుందా అక్కా? ఎందుకే నీకంత పొగరు?"

ముకర్రం నవ్వేసి కదిలింది. పొగరనే అనుకోనీ. నిజం చెప్పుకోవడం కంటే ఆ పేరు మోయడమే తేలిక.

ఆ నిజం ఆమె ఆరేళ్ళ వయసునాటిది. యుద్ధం రోజులు. రైలు మన మగాళ్ళందర్నీ మింగేసిందని పెద్దవాళ్ళు వాపోతే, ఈ పిల్ల స్టేషనుకి పోయి ఇంజనుకి రొట్టెముక్క విసిరి వచ్చింది, కడుపు నిండితే నాన్నని వదిలేస్తుందని. మనిషి యుద్ధంలో పోయాడని ఫలానా వాళ్ళింటికి నల్ల ఉత్తరం వచ్చిందని గొంతు తగ్గించి చెప్పుకుంటే, అది పొయ్యి మసిలా నల్లగా ఉంటుందనుకుంది. ఒక మధ్యాహ్నం పోస్టుమాను, టీ తాగి వెళ్ళమన్నా ఆగకుండా, ఆ పిల్ల చేతిలో ఓ కాగితం పెట్టి తల తిప్పుకుని పోయాడు. కాగితం తెల్లగా మెరుస్తోంది. ఇంకేం, నాన్న బతికే ఉన్నాడు, సుయుంచి ఇమ్మని సందంతా దద్దరిల్లేలా అరుస్తూ అమ్మని చుట్టేసింది.

అమ్మ తుర్సునోయ్‌కి చదువు రాదు. చెవి కమ్మలు తీసి కూతురి చేతిలో పెట్టింది. చదివిపెట్టే మాస్టారు బడి నుంచి వచ్చి, అది నల్ల ఉత్తరమేనని చెప్పేసరికి అరగంట పట్టింది.

ఆ రోజు గురించి తల్లీకూతుళ్ళు నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఇప్పుడు అమ్మ మంచం పట్టింది. ఆ మాట ఎత్తకుండానే పోతుందేమోనని ముకర్రంకి వారం రోజులుగా తిండి సహించడం లేదు.

సంచీ ఖాళీ చేసుకుని మూడింటికి ఇల్లు చేరింది. అమ్మ పాదాలు నిన్నటికంటే వాచాయి. నాలుగు చెంచాల సూపు తాగించి, మూతి తుడిచి, ఇక ఆపుకోలేక అడిగేసింది.

"అమ్మా, ఆ కాగితం రోజున నిన్ను సందులో అందరి ముందూ నవ్వులపాలు చేశాను. నామీద కోపం ఉందా?"

"నవ్వడానికి ఎవరున్నారే? అందరి ఇళ్ళలోనూ అదే ఏడుపు." తుర్సునోయ్ ఊపిరి కూడదీసుకుంది. "నల్ల ఉత్తరం నల్లగానే ఉంటుందని నేనూ అనుకున్నా. తెల్లగా ఉందిగా, బతికే ఉన్నాడనుకున్నా. ఆ అరగంటలో పిండి కలిపాను, వాకిలి ఊడ్చాను, తల దువ్వుకున్నాను. మీ నాన్న రైలెక్కాక నేను సంతోషంగా ఉన్నది అప్పుడే. అది నువ్విచ్చిందే, పిచ్చిదానా."

ముకర్రం కాస్త టీ పెట్టి తెస్తానని లేచి వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు కూర్చుని కరువుతీరా ఏడ్చింది. గుండె మీది ఇన్నేళ్ళ బరువు దిగినట్టే అనిపించింది. ముఖం కడుక్కుని టీ తీసుకొచ్చేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయిందనుకుని దుప్పటి సర్దబోయింది. ఒళ్ళు వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి స్నానం చేయించారు. పొద్దుగుంకకముందే మగవాళ్ళు భుజాన మోసుకుపోయారు. చీకటి పడుతుండగా వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. ముకర్రం దీపం పెట్టి గుమ్మంలోకి వచ్చింది. గడప పక్కన అమ్మ రబ్బరు బూట్లు మిగిలాయి, కాళ్ళు వాచకముందు, చిక్కిపోయిన పాదాలకి పెద్దవైపోయాయని వేళ్ళ దగ్గర దూది కుక్కుకున్నవి.