జహీరాబీ నాలుక

తాండూరులో బండలు కొట్టేవాళ్ల కళ్లకు జహీరాబీ నాలుకే దిక్కు. ఉలిదెబ్బకు ఎగిరిన రాతి నలుసు ఎవరి కంట్లో పడ్డా, వాడు కన్ను మూసుకుని నేరుగా ఆమె వాకిట్లోకి వచ్చేవాడు. ఆమె ఉప్పునీళ్లు పుక్కిలించి, అతని తల రెండు చేతులా పట్టుకుని, రెప్ప పైకెత్తి నాలుక కొసతో కన్నంతా ఒక్కసారి తుడిచేది. నలుసును అరచేతిలోకి ఉమ్మి చూపించేది. ఎప్పుడు ఎవరొస్తారో తెలియదని పొద్దుగూకేదాకా మిరపకాయ ముట్టేది కాదు. ముప్పై ఏళ్ల నిష్ఠ అది. అలాంటి మనిషి డాక్టర్ల పేరెత్తితే మూతి తిప్పుకుందంటే, తిప్పుకోదా మరి.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆమె రచ్చ గెలిచి గెలిచి, 1976 ఎండాకాలంలో ఇంట్లో ఓడిపోయింది.

కొడుకు వలీ బండ చెక్కుతుంటే, అయిదేళ్ల మనవరాలు ఇస్మత్ పక్కన కూర్చుని రాతిముక్కలు ఏరుకుంటోంది. నలుసొకటి ఎగిరి పిల్ల ఎడమ కంట్లో పడింది. జహీరాబీ నవ్వుతూనే పిల్లను ఒళ్లోకి లాక్కుంది. నాలుక తిప్పింది, ఏమీ తగల్లేదు. సాయంత్రం మళ్లీ తిప్పింది. తెల్లారి ఇంకోసారి. కంట్లో ఏమీ లేదని, గీరుకుపోయిందంతే, అదే తగ్గుతుందని తేల్చేసింది. తల్లి మాటకు ఎదురు చెప్పడం వలీకి పుట్టిననాటి నుంచీ చేతకాదు.

మధ్యాహ్నానికి కన్ను చింతనిప్పులా ఎర్రబడింది. దాదీ పుక్కిలించే చప్పుడు వినగానే ఇస్మత్ పరుగెత్తి తల్లి చాటున దాక్కుంది. అది చూసి జహీరాబీ నోట్లోని ఉప్పునీళ్లు ఉమ్మేసింది. కంట్లో పువ్వు పడి చూపు పోయిన రాతిపనివాళ్లను ఆమె ఎరుగును. వికారాబాద్ పోదాం పదమని తానే అంది. దొరికిన మొదటి రైలెక్కారు.

కళ్ల డాక్టర్ చంద్రశేఖర్ కుర్రవాడు. గది తలుపులు మూసి, దీపం వేసి, భూతద్దంలోంచి చూసి, నల్లగుడ్డులో రాయి గుచ్చుకుని ఉందన్నాడు.

"లేదు సారూ. ఉంటే నా నాలుకకు దొరుకుతుండె" అంది జహీరాబీ.

నాలుకేమిటని అతను అడిగాడు. వలీ నసుగుతూ సంగతంతా చెప్పాడు. డాక్టర్ ముఖం గంటు పెట్టుకున్నాడు కానీ అరవలేదు. లేచి తన కుర్చీ ఆమెకిచ్చి, అద్దం సరిచేసి, మీరే చూడండమ్మా అన్నాడు.

జహీరాబీ చూసింది. 

నల్లగా నున్నగా ఉంటుందనుకున్న చోట వేలవేల గోధుమరంగు పోగులు. అన్నీ నాలుగు దిక్కుల నుంచీ బయలుదేరి నడుమనున్న చీకటి గుండం అంచుకు చేరుతున్నాయి. దీపం కదిలితే గుండం చిన్నదవుతోంది, పెద్దదవుతోంది. మనిషి చేసింది కాదది. దాని ఒడ్డునే, వెంట్రుకవాసి దూరంలో, బూడిదరంగు రాయి మెడదాకా దిగబడి ఉంది. ఇన్నేళ్లూ ఆమెకు తెలిసిన కన్ను తడి, ఉప్పన, అంతే.

"యా అల్లా" అంది మెల్లగా. "గింత పెద్ద దునియా మీదనా నేను నాలుక పెట్టింది?"

రేపటిదాకా ఆగితే పుండయ్యేదని, చూపు సంగతి ఇప్పుడే చెప్పలేనని డాక్టర్ అన్నాడు. తిమ్మిరెక్కించే చుక్కలు వేసి, పిల్ల తల ఇసుమంతైనా కదలకూడదన్నాడు. వలీ ముందుకొచ్చాడు గానీ సూదిని చూసి తల తిప్పుకున్నాడు. జహీరాబీ మనవరాలి ముందు వంగింది.

"ఈసారి నాలుక పెట్ట బిడ్డా. ఒట్టి చేతులే."

ఇస్మత్ కాసేపు ఆమె నోటి వంక అనుమానంగా చూసి, తల ఆమె అరచేతుల్లో పెట్టింది. సూదిమొన తగిలింది, రాయి లేచి వచ్చింది. తల కదలలేదు.

మూడో రోజు మళ్లీ వచ్చి కట్టు విప్పించుకున్నారు. డాక్టర్ కుడి కన్ను మూసి, ఎడమ కంటి ముందు రెండు వేళ్లు పెట్టి, ఏం కనబడుతోందని అడిగాడు.  మళ్లీ అడిగాడు. వలీ గోడకు ఆనుకున్నాడు. ఇస్మత్ ఆ వేళ్లను దాటి, దూరంగా తలుపు దగ్గర నిలబడ్డ మనిషి వైపు చూస్తోంది.

"దాదీ ఏడుస్తున్నది" అంది.

అప్పటిదాకా ఆ సంగతి జహీరాబీకే తెలియదు.