కుళ్ళని కిరీటం

మా మేయరు జెల్యాజ్కోకి బుర్ర తక్కువ, అదృష్టం ఎక్కువ. కొండమీద చెత్తగుట్ట పెట్టించింది ఆయనే. వానొచ్చినప్పుడల్లా దాని నల్లటి రసం దిగి రాద్కా ద్రాక్షతోటను చంపేస్తుంటే, ఆ మట్టి బంగారమని టీవీలో చెప్పిందీ ఆయనే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

ఫిబ్రవరిలో తీగలు కత్తిరించే పండగనాడు మేము ద్రాక్షల రాజును ఎన్నుకుంటాం. తీగలు, ఎండుటాకులు ఎర్రటి ఉన్నిదారంతో అల్లి కిరీటం పెడతాం. తర్వాత దాన్ని పండగ జరిగిన తోటలోనే పాతి, మరుసటి పండగకు తవ్వి చూస్తాం. మట్టిలో కలిసిపోతే నేల బతికున్నట్టు. నిరుడు రాద్కా తోటలో రాజు మేయరే. ఇంకెవరవుతారు?

ఈసారీ ఊరంతా అక్కడే చేరింది.

"నేల చచ్చిందని తేలితే చెత్తబళ్ళు ఆపేస్తానన్నావు. మాట మీదుంటావా?" అంది రాద్కా.

"తవ్వమ్మా తవ్వు. నడుం పట్టేస్తే చెప్పు, మనిషిని పంపిస్తా," అన్నాడు మేయరు.

రాద్కా పార దించింది. ఒక్క వానపాము లేదు, చీమైనా లేదు. ముక్కు బద్దలయ్యే కంపు మాత్రం ఉంది. కిరీటం బయటికొచ్చింది. ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి, దారం రంగైనా పోలేదు.

"చూశారా! ఏడాదైనా కుళ్ళలేదు. కుళ్ళబెట్టడానికి పురుగంటూ మిగిలితేగా!"

ఆమె గెలిచిందనే అనుకున్నాను. అంతలో ఫాదర్ గెనాది సిలువ గీసుకున్నాడు. మావాళ్ళకు కుళ్ళని శరీరమంటే పుణ్యపురుషుడిదే. గుళ్ళో గాజుపెట్టెలో ఉంచి ముద్దులు పెడతారు.

"కుళ్ళలేదు," అన్నాడాయన కిరీటం ముందు తలవంచి.

ముందు మోకాళ్ళమీద పడింది మేయరు. ఇలాంటివాటిలో మాత్రం మహా చురుకు. వెనకాలే మా గొర్రెలమంద.

"లేవండిరా గాడిదల్లారా! అది మహిమ కాదు, విషం!"

"నోరు అదుపులో పెట్టుకో రాద్కా. పవిత్రమైన చోటిది," అంది పక్కింటి స్తొయాంక, మట్టిని రుమాల్లో మూటకడుతూ. "మా మిరపనారుకు చల్లుకుంటా."

రాద్కా మూట లాగేసింది. మగాళ్ళు నలుగురు ఆమెను రెక్కలు పట్టి, ఆమె తోటలోంచి ఆమెనే బయటికి ఈడ్చారు. సిగ్గులేని ఊరు.

వారం తిరక్కుండా తోట చుట్టూ కంచె లేచింది. పవిత్ర నేలలో పార దించరాదట, తీగ కత్తిరించరాదట. చెత్తబళ్ళు మాత్రం రెట్టింపయ్యాయి. నిన్న రాద్కా కంచె పట్టుకుని, లోపల ఎండిపోతున్న తన తీగలను చూస్తూ నిలబడింది. కొవ్వొత్తి పట్టుకున్న పొరుగూరి ఆవిడ ఆమె భుజం తట్టింది.

"లైన్లో రామ్మా. మేమంతా దర్శనానికే వచ్చాం."